28 నాట్ల నుంచి సున్నా దాకా: చెరువులో ఓడ ఆపే ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, నేవీ డే అయ్యాక

పెద్ద యుద్ధనౌక ఫుల్ స్పీడులో పోతూ ఉన్నట్టుండి ఆగాల్సి వస్తే ఎంత దూరంలో ఆగుతుంది? ఎంతసేపు పడుతుంది? ప్రశ్న మా మేనల్లుడిది. డిప్లొమా మెకానికల్ చదువుతున్నాడు, ప్రాజెక్టు ఏదో ఒకటి చూపించాలి. వైజాగ్ బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసొచ్చిన దగ్గర్నుంచి వాడి నోట ఇదే మాట. నాది శ్రీకాకుళంలో మోటారు వైండింగ్ షాపు. మోటారు ఉంది, బ్యాటరీ ఉంది, అత్తారి ఊళ్ళో చెరువు ఉంది. ఇంకేం కావాలి, చేసి చూద్దాం అన్నాను.

ముందు కాగితం మీద లెక్క. నమూనాకి మన విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ని తీసుకున్నాం, ఎందుకంటే దాని కొలతలు అందరికీ తెలిసినవే. పొడవు 262 మీటర్లు, బరువు సుమారు 45,000 టన్నులు, గరిష్ఠ వేగం 28 నాట్లు, నాలుగు గ్యాస్ టర్బైన్లు కలిపి 88 మెగావాట్లు. 28 నాట్లంటే సెకనుకి 14.4 మీటర్లు. ఆ బరువు ఆ వేగంతో పోతుంటే అందులో ఉన్న గతిశక్తి సుమారు 467 కోట్ల జౌళ్ళు. వినడానికి భయంకరంగా ఉంది కదా. కరెంటు మీటరు లెక్కలోకి మారిస్తే 1,300 యూనిట్లు. అంతే. మేనల్లుడు కాలిక్యులేటర్ మూడుసార్లు నొక్కాడు. ఆ ఓడ ఇంజన్లే 88 మెగావాట్లతో పనిచేస్తే 53 సెకన్లలో అంత శక్తి ఇస్తాయి.

"అయితే 53 సెకన్లలో ఆగిపోద్దా మావయ్యా?"

ఆగదు. ఇంజను ఇచ్చే శక్తంతా తోపుడుగా మారదు. పైగా వెనక్కి తిరిగే ప్రొపెల్లర్ ముందుకు తిరిగినంత గట్టిగా నీటిని పట్టదు. అసలు జవాబు ఎక్కడో నిమిషాల్లో ఉంటుంది. అది ఎన్ని నిమిషాలన్నదే ప్రాజెక్టు.

సంక్రాంతికి ముందు

స్కేలు 1:200 అనుకున్నాం. 262 మీటర్లు 131 సెంటీమీటర్లయ్యాయి, ఆటోలో అడ్డంగా పడుతుంది. బరువు మాత్రం 200 రెట్లు తగ్గితే చాలదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గుతాయి కాబట్టి 80 లక్షల రెట్లు తగ్గాలి. 45,000 టన్నులు 5.6 కిలోలయింది. అందులో 2 కిలోల పైచిలుకు యూపీఎస్ బ్యాటరీదే. బ్యాలస్ట్, అంటే ఓడ అడుగున పెట్టే బరువు, వెతుక్కునే పని సగం తప్పింది.

వేగం సంగతి వేరు. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1870ల్లో టార్కేలో తొట్టి కట్టి, చిన్న ఓడల్ని లాగి చూసి తేల్చిన సూత్రం ఇప్పటికీ అదే: పొడవు ఎన్ని రెట్లు తగ్గిందో దాని వర్గమూలం మేరకు వేగం తగ్గించాలి. అప్పుడే చిన్న ఓడ లేపే అలలు పెద్ద ఓడ అలల్లా ఉంటాయి. 200కి వర్గమూలం 14.14. కాబట్టి మా ఓడ ఫుల్ స్పీడు సెకనుకి ఒక మీటరు, కాస్త పైన. సమయం కూడా అంతే, చెరువులో ఒక సెకను అంటే సముద్రంలో 14 సెకన్లు.

ఇక పవర్ లెక్క చూసి నేనే నవ్వాను. అది 11 కోట్ల రెట్లు తగ్గుతుంది. 88 మెగావాట్లు కాస్తా ముప్పావు వాటుకి దిగింది. షాపునిండా ఒక హార్స్‌పవర్, మూడు హార్స్‌పవర్ మోటార్లు పెట్టుకున్నవాడికి ఒక వాటు కూడా లేని పని! పెద్ద మోటారు పెడితే ఓడ బ్రహ్మాండంగా ఆగుతుంది, కానీ అది విక్రాంత్ ఆగినట్టు కాదు. అందుకే పాత డీవీడీ ప్లేయర్ల తరహా చిన్న మోటార్లు రెండు, రెండు షాఫ్టులకి.

సంక్రాంతి సెలవులు

హల్లు, అంటే ఓడ అడుగు దొప్ప, చెక్కడం. థర్మాకోల్ దిమ్మల్ని ఒకదానిమీదొకటి అతికించి, పాడైన ఇస్త్రీపెట్టె కాయిల్ తీగని వేడి చేసి కోశాం. వెన్న కోసినట్టు తెగుతుంది, వాసన మాత్రం ఇంట్లోవాళ్ళు భరించలేరు. దాని మీద ఫైబర్ మ్యాట్, రెజిన్ వెయ్యాలి. కళింగపట్నం వైపు ఫైబర్ తెప్పలు రిపేరు చేసే ఆయన్ని అడిగితే రెజిన్ ఇస్తూనే హెచ్చరించాడు. "ఇది తిన్నగా పుయ్యకు బావూ, థర్మాకోల్ కరిగిపోద్ది. కాయితాలు అతికించీసి అప్పుడు పుయ్యి." పాత పేపర్లు ఫెవికాల్‌తో రెండు పొరలు అతికించి, ఆరాక రెజిన్ పూశాం. హల్లు గట్టిగా వచ్చింది.

ప్రొపెల్లర్లకి బుడితి వెళ్ళాను. ఇత్తడి, కంచు సామాను చేసే ఊరు. మూడున్నర సెంటీమీటర్ల ప్రొపెల్లర్లు రెండు కావాలి, ఒకటి కుడి తిరుగుడు, ఒకటి ఎడమ తిరుగుడు అని చెబితే పనాయన మైనం ముక్కని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అద్దంలో బొమ్మలాగ ఉండాలన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెండూ ఒకే వైపు తిరిగేవైతే రివర్స్ వేసినప్పుడు ఓడ వెనకభాగం పక్కకి ఈడ్చుకుపోతుంది. ఎదురెదురుగా తిరిగితే ఒకదాని లాగుడు రెండోది కొట్టేస్తుంది.

షాఫ్టులకి సైకిల్ పుల్లలు, వాటికి గొట్టంగా ఫ్రిజ్ రాగి పైపు, లోపల గ్రీజు కూరాం. నీళ్ళు లోపలికి రాలేదు.

అసలు ఓడకీ మాదానికీ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. గ్యాస్ టర్బైన్ వెనక్కి తిరగదు. అందుకని అలాంటి ఓడల్లో ఎక్కువగా ప్రొపెల్లర్ రెక్కల కోణమే మారుస్తారు. షాఫ్టు అదే వైపు తిరుగుతూ ఉంటుంది, రెక్కలు మెడ తిప్పుకుంటాయి, తోపుడు వెనక్కి మారుతుంది. పాత ఆవిరి టర్బైన్ ఓడల్లో రివర్స్ కోసం వేరే టర్బైన్ ఉంటుంది, ముందుకు నడిపేదానికన్నా బాగా చిన్నది. మూడున్నర సెంటీమీటర్ల ప్రొపెల్లర్‌లో రెక్కలు తిప్పే మెకానిజం పెట్టడం మన వల్ల అయ్యే పని కాదు. కాబట్టి రిలేతో ప్లస్ మైనస్ తారుమారు చేసి మోటారునే వెనక్కి తిప్పుతున్నాం.

రథసప్తమి ముందు వారం

అరసవల్లికి జనం వచ్చిపడే వారం. ఆటోలు దొరకవు కాబట్టి షాపులోనే తొట్టి పరీక్ష. సిమెంటు తొట్టిలో ఓడని పెట్టి, అది లాగే దిక్కుకి ఎదురు కొసన దారం కట్టి, దారాన్ని చిన్న కప్పీ మీదుగా కిందికి దింపి, అర కిలో తూకం రాయికి ముడివేశాం. రాయి కింద కిచెన్ తక్కెడ. ఓడ లాగిందంటే రాయి బరువు తేలికవుతుంది. తక్కెడ 500 నుంచి 477కి దిగితే ఓడ 23 గ్రాముల బలంతో లాగుతున్నట్టు. చవకైన ఏర్పాటే గానీ గ్రాము తేడా కూడా చూపిస్తుంది.

23 గ్రాములు ఊరికే అన్న అంకె కాదు. విక్రాంత్ ఇంజను పవర్లో 60 శాతం తోపుడుగా మారుతుందని పెట్టుకుంటే, 28 నాట్ల దగ్గర నీరు ఆ ఓడని ఎంత బలంతో వెనక్కి పడుతోందో లెక్క వస్తుంది. దాన్ని 80 లక్షలతో భాగిస్తే 47 గ్రాములు. రివర్స్‌లో అందులో సగం వస్తుందనుకున్నాం. ఇది మా అంచనా, నేవీ చెప్పింది కాదు. ఒకే వోల్టేజీకి బుడితి ప్రొపెల్లర్లు ముందుకు లాగినదాంట్లో 60 శాతమే వెనక్కి లాగుతున్నాయి. రెక్కల వంపు ముందుకు పోవడానికి చెక్కింది మరి. ఫుల్ వోల్టేజీ ఇస్తే 23 దాటుతోంది, అందుకని తగ్గించి సరిగ్గా అక్కడ ఆపాం.

తొట్టిలో ఇంకో సంగతి బయటపడింది. ఓడ నీళ్ళలో దిగేది నాలుగు సెంటీమీటర్లే. రివర్స్ వెయ్యగానే ప్రొపెల్లర్ పైనుంచి గాలి పీల్చి గుడగుడలాడుతోంది, తక్కెడ అంకె గంతులేస్తోంది. ప్రొపెల్లర్ల పైన అడ్డంగా పల్చటి ప్లాస్టిక్ రేకు అతికిస్తే గాలి రావడం ఆగింది.

రథసప్తమి దాటాక, చెరువు

ఆమదాలవలస అవతల మా అత్తారి ఊరి చెరువు. పొద్దున్న గాలి లేవక ముందే పని కానివ్వాలి, ఎండెక్కాక గేదెలు దిగిపోతాయి. ఒక మూల గుర్రపుడెక్క పట్టేసింది, దాని వేళ్ళు షాఫ్టుకి చుట్టుకుంటే మోటారు కుయ్యోమంటుంది. శుభ్రంగా ఉన్న గట్టు వెంబడి తాడు కట్టి, మీటరుకొక వల బెండు తగిలించాం. స్టాండు మీద ఫోను. వీడియోలో ఓడ ముక్కు ఏ ఫ్రేములో ఏ బెండు దాటిందో లెక్కపెడితే వేగం వచ్చేస్తుంది.

ముందు ఊరికే వదిలి చూడటం: ఫుల్ స్పీడు వచ్చాక మోటారు ఆపెయ్యడం, రివర్స్ లేదు. గట్టు మీద నిలబడ్డ ఒకాయన కాసేపు చూసి అడిగాడు. "ఏటి బావూ, ఇది ఎళ్ళడానికా, ఆగడానికా?" ఆగడానికే అన్నాను. "దానికింత సంబరమేటి" అని గేదెల్ని తోలుకుపోయాడు.

సంబరం ఉంది మరి. ఓడ వేగం సెకనుకి మీటరు నుంచి అర మీటరుకి పడటానికి అయిదు మీటర్లు పట్టింది, ఏడు సెకన్లు. అర మీటరు నుంచి పావు మీటరుకి మళ్ళీ అయిదు మీటర్లే, కానీ ఈసారి 14 సెకన్ల పైన. పావు నుంచి అందులో సగానికి ఇంకో అయిదు మీటర్లు, దగ్గర దగ్గర అర నిమిషం. ప్రతి సగానికీ దూరం అంతే, సమయం మాత్రం రెట్టింపు. నీటి నిరోధం వేగం వర్గంతో మారుతుందనే పాఠం చదవడం వేరు, బెండ్లు లెక్కపెట్టి చూడటం వేరు. స్పీడు మీద ఉన్నప్పుడు నీళ్ళు గట్టిగా పట్టుకుంటాయి. స్పీడు తగ్గేకొద్దీ పట్టు వదిలేస్తాయి. చివరికి ఓడ ఆగినట్టే కనిపిస్తూ ఆగదు.

కాగితం మీద విక్రాంత్ సైజుకి ఇదే లెక్క వేస్తే, ఇంజన్లు ఆపేసి వదిలేస్తే 28 నుంచి 14 నాట్లకి మూడు నిమిషాలు, 1.76 కిలోమీటర్లు. 14 నుంచి 7కి ఇంకో ఆరు నిమిషాలు. 7 నుంచి మూడున్నరకి ఇంకో 12. అయిదు కిలోమీటర్ల పైన పోయి, 21 నిమిషాల తర్వాత కూడా ఓడ మనిషి నడక కన్నా జోరుగానే పోతుంటుంది.

కాబట్టి రివర్స్ అసలు అవసరం మొదట్లో కాదు, చివర్లో. మొదటి సగం వేగాన్ని చాలావరకు నీరే తినేస్తుంది. మిగిలిన సగాన్ని చంపాలంటే ఇంజనే దిక్కు. ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ ఇదే రాయమన్నాను మేనల్లుడికి.

మరుసటి ఆదివారం, క్రాష్ స్టాప్

నావికులు వాడే మాటే ఇది. కొత్త ఓడని సముద్రంలో పరీక్షించేటప్పుడు ఫుల్ ముందుకు పోతూ ఒక్కసారి ఫుల్ వెనక్కి ఆర్డర్ ఇచ్చి చూస్తారు.

మా ఓడ అయిదున్నర మీటర్లలో ఆగింది, 14 సెకన్లు. స్కేలు ప్రకారం 1.1 కిలోమీటర్లు, మూడు నిమిషాల 20 సెకన్లు. ఓడ పొడవుకి నాలుగు రెట్ల పైన. కాగితం లెక్క దీనికన్నా ఎక్కువ చెప్పింది: 1.4 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలు. ఈ తేడా సంగతి తర్వాత.

రిలే పడటం కావాలని రెండు సెకన్లు ఆలస్యం చేసి చూశాం. రెండు సెకన్లంటే అసలు ఓడకి 28 సెకన్లు. ఆర్డర్ అందడం, ఇంజను తగ్గడం, రెక్కలు తిరగడం అన్నీ అందులోకే వస్తాయి. మోటారు నడుస్తూనే ఉండగా ఆ రెండు సెకన్లలో రెండు మీటర్లు పోయింది. అంటే 400 మీటర్లు. ఎంత బలమైన రివర్స్ ఉన్నా పోయిన ఆ దూరం తిరిగి రాదు.

1964 ఫిబ్రవరి 10 రాత్రి ఆస్ట్రేలియా విమాన వాహక నౌక మెల్‌బోర్న్, తనతో పాటే విన్యాసాల్లో ఉన్న వాయేజర్ అనే డిస్ట్రాయర్‌ని గుద్ది రెండు ముక్కలు చేసింది. 82 మంది పోయారు. ఫుల్ వెనక్కి ఆర్డర్ ఇచ్చారు, కానీ అప్పటికి మిగిలినవి సెకన్లే. అదే మెల్‌బోర్న్ 1969 జూన్ 3న అమెరికా డిస్ట్రాయర్ ఫ్రాంక్ ఇ. ఎవాన్స్‌ని కూడా అలాగే చీల్చింది, 74 మంది. రెండుసార్లూ చిన్న ఓడే పెద్దదాని ముందుకి వచ్చింది. మేనల్లుడు ఇది చదివాక ఆలస్యం టెస్టుని ఇంకోసారి చేద్దాం అన్నాడు.

ఆగడం కన్నా తిరగడం నయం కాదా అనీ చూశాం. చుక్కాని పూర్తిగా తిప్పితే ఓడ నాలుగు పొడవుల వెడల్పులో వెనక్కి తిరిగింది, వేగం కూడా బాగా పడిపోయింది. రివర్స్ వేసి చుక్కాని తిప్పితే మాత్రం మాట వినదు. ప్రొపెల్లర్ నీటిని ముందుకు తోస్తుంటే చుక్కాని మీదికి ప్రవాహం ఎక్కడిది? ఈ రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

సరుకు ఓడలకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2002 నాటి ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) తీర్మానం ప్రకారం క్రాష్ స్టాప్ దూరం ఓడ పొడవుకి 15 రెట్లు దాటకూడదు, మరీ భారీ ఓడలకి సడలించినా 20 దాటకూడదు. యుద్ధనౌకలకి ఇది వర్తించదు, వాటికి అవసరమూ పడదు. మూడు లక్షల టన్నుల చమురు ట్యాంకర్‌కి ఇంజను 25 మెగావాట్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే టన్నుకి 100 వాట్లు కూడా లేవు. విక్రాంత్‌కి టన్నుకి దాదాపు 2 కిలోవాట్లు. పరుగుకోసం పెట్టిన ఆ ఇంజనే బ్రేకు కూడా.

లంగరు వేస్తే ఆగదా అని మా మావగారి సందేహం. "అల్లుడుగారూ, అంత గొలుసు ఎందుకు మరి దానికి?" అది ఆగిన ఓడని కదలకుండా ఉంచడానికండీ అన్నాను. 28 నాట్ల మీద వదిలితే గొలుసో, దాన్ని పట్టే యంత్రమో, ఏదో ఒకటి ఊడిపోతుంది.

ఇంకొకటి, అంత క్రాష్ స్టాప్‌లోనూ ఓడలో ఉన్నవాళ్ళు ముందుకు తూలి పడరు. మా లెక్కలో ఆ కుదుపు భూమ్యాకర్షణలో 80వ వంతు. టీ గ్లాసు తొణకదు. వణుకు మాత్రం ఓడంతా పాకుతుంది.

శివరాత్రి దగ్గర

ఇప్పుడా తేడా సంగతి. ఊరికే వదిలినప్పుడు సగం వేగానికి చెరువులో అయిదు మీటర్లు, అంటే కిలోమీటరు. కాగితం 1.76 అంటుంది. వీడియోలో వేగం పడిపోయిన తీరు నుంచి వెనక్కి లెక్కేస్తే, ఫుల్ స్పీడులో మా ఓడని నీరు 80 గ్రాముల బలంతో పట్టుకుంటోంది. ఉండాల్సింది 47.

కారణం ఫ్రూడ్‌కీ తెలుసు. అలల్ని స్కేలు చెయ్యొచ్చు గానీ నీటి జిగటని చెయ్యలేం. చెరువు నీరు 200 రెట్లు పల్చన కాదు కదా. చిన్న హల్లుకి నీరు ఒరుసుకునే రాపిడి దామాషాలో చాలా ఎక్కువ. మా సైజుకి ఆ అదనపు రాపిడి లెక్కేస్తే 32 గ్రాములు వచ్చింది. 80లో 32 తీసేస్తే 48. మేనల్లుడు ఎగిరి గంతేశాడు. నేను మాత్రం 60 శాతం అన్న మా ఊహ అదృష్టవశాత్తూ కుదిరి ఉండొచ్చు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

వైజాగ్‌లో నేవీ కోసం పనిచేసే పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో నమూనా ఓడల్ని లాగి చూసే 500 మీటర్ల పొడవు తొట్టి ఉంది. అక్కడ వాడేవి మాలాంటి బారెడు బొమ్మలు కావు. హల్లు పెద్దదయ్యేకొద్దీ ఈ రాపిడి బాధ తగ్గుతుంది. స్వేచ్ఛగా తిరిగే నమూనాల మీద కొన్ని పరిశోధనశాలల్లో ఒక కిటుకు చేస్తారు: డెక్ మీద ఫ్యాన్ పెట్టి, ఎక్కువైన రాపిడికి సరిపడా ముందుకి నెట్టడం. మనమూ పెడదాం అనుకున్నాం. మామూలు కంప్యూటర్ ఫ్యాన్ 15 గ్రాములు కూడా నెట్టలేదు. స్క్రాప్‌లో దొరికిన సర్వర్ ఫ్యాన్లు రెండు కలిపితే 12 వోల్టులకి 32 గ్రాములు సరిగ్గా వచ్చాయి, చెవులు చిల్లులు పడే మోతతో.

పెట్టి వదిలితే ఓడ సగం వేగానికి దిగనే లేదు! ఫ్యాన్ గాలికే సెకనుకి 60 సెంటీమీటర్ల పైన తాపీగా పోతూ గుర్రపుడెక్కలో దూరింది. వేగం తగ్గితే రాపిడి తగ్గుతుంది, ఫ్యాన్ మాత్రం తగ్గదు మరి. దాన్నీ తగ్గించాలి. రాపిడి ఇంచుమించు వేగం వర్గంతో మారుతుంది, ఫ్యాన్ తోపుడు కూడా వోల్టేజీ వర్గంతో మారుతుంది. కాబట్టి లెక్క తేలికే: వేగం సగమైతే వోల్టులు సగం. ఓడ మీద వేగం కొలిచే సాధనం లేదు గనక టైముని బట్టి తగ్గించే ప్రోగ్రాం మేనల్లుడు రాస్తున్నాడు. సున్నా సెకను దగ్గర 12 వోల్టులు, 12 సెకన్లకి 6, అలా కిందికి. 4 వోల్టుల కింద ఫ్యాన్లు నిలిచిపోతున్నాయి. అప్పటికి ఓడ వేగం మూడోవంతుకి వచ్చేస్తుంది, అక్కడ అదనపు రాపిడి నాలుగు గ్రాములకి మించదు, వదిలెయ్యొచ్చు. సగం వేగానికి తొమ్మిది మీటర్ల దరిదాపుల్లో రావాలి. తాడుకి ఇంకో పది బెండ్లు కట్టాం.